మీటరుకి తెలియని దూరం

పొద్దున్నే లారీ బాడీ ఊడ్చడం ఆ ఇంట్లో ఇల్లాలి పని. మొగుడు నోట్లో బ్రష్షుతో వాకిట్లో పచార్లు చేస్తుంటే ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, చీపురు పట్టుకుని లారీ ఎక్కేది. మట్టి ఒక పక్కకి, గడ్డిపోచలు ఒక పక్కకి, దూరం ఒక పక్కకి ఊడ్చేది.

మొగుణ్ణి అందరూ పెద్ద స్టీరింగు అనేవాళ్ళు. ఊరికే అనలేదు. బ్రేకులు పోయిన లారీని గొంతుతో అదిలించి ఆపినవాడాయన. హారన్ కొడితే ఎదురుగా వచ్చే వాన పక్కకి తప్పుకునేది. ఒకసారి వంతెన కూలుతుంటే, అది కింద పడేలోపే దాటేసి, అవతల ఒడ్డున టీ తాగుతూ పడిన చప్పుడు విన్నాడు. ఇవన్నీ ఆయనే స్వయంగా చెప్పాడు కాబట్టి నిజమే అయి ఉండాలి.

అంతటివాడికి కొండ మీది రాళ్ళ క్వారీ అడ్డం వచ్చింది. వానలకి ఆ దారి కొట్టుకుపోయి మనిషి తలంత రాళ్ళు తేలాయి. నిండు బరువుతో ఆగకుండా పైకెక్కిన లారీకే ఇక రాయి తోలే పని అని క్వారీ మేనేజరు చాటించాడు. మైదానంలో కిరాయిలన్నీ అప్పటికే కొత్త లారీలు ఎత్తుకుపోయాయి. ఈ పని దక్కకపోతే లారీని ముక్కలు చేసి అమ్ముకోవడమే. అందుకని పెద్ద స్టీరింగు పాత టైర్లు పీకించి, నడుమెత్తు టైర్లు వేయించాడు.

దూరం పోగుపడింది అప్పణ్ణించే. పాత టైరు నాలుగు గజాలు పోయేంతలో కొత్తది ఐదు గజాలు పోతుంది. మీటరుకి ఆ సంగతి ఎవరు చెప్తారు? అది ఇంజను నించి చక్రాలకి పోయే షాఫ్టు తిరగడం చూసి లెక్కేసుకునే అమాయకపు ప్రాణి. నాలుగే ఎంచుతుంది. ఐదో గజం ఎక్కడికీ పోలేక బాడీలో వచ్చి పడుతుంది. లారీ ఉన్న ఏ ఇంట్లోనైనా ఇది మామూలే. ఇల్లాలు దాన్ని దులిపి, దుప్పటిలా మడతపెట్టి అటకెక్కించేది. ఇరుగుపొరుగు వచ్చి అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. దర్జీ భార్య అయితే మొగుడి గురకకీ తన మంచానికీ మధ్య ఒక మడత పరుచుకుని, తెల్లారగానే దులిపి తిరిగిచ్చేది. ఎవరి కోసం పరిస్తే వాళ్ళకే అది దూరం. వాళ్ళ పిల్లి మాత్రం ఎప్పట్లాగే రెండు మంచాల మధ్యా గెంతేది.

దూరంతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా లారీ లాగకపోవడం. చిన్న ఎత్తు వచ్చినా ఇంజను ఆయాసపడిపోయేది. పెద్ద స్టీరింగు ఎదురింటి షెడ్డులోకి లారీని పెట్టించాడు. ఆ షెడ్డు ఆయన బావమరిదిది. తల్లి పోయాక వాణ్ణి అక్కే పెంచింది. బావ లారీ క్యాబిన్లోనే నిద్రలు, ఆటలు. చేతికి మొదటి స్పానర్ ఇచ్చింది కూడా బావే, అందుకే వాడి పేరు స్పానర్ అయిపోయింది.

వాడు లారీ కిందకి దూరి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "ఏనుగు కాళ్ళు తెచ్చి మేకకి తగిలించావు బావా."

"మేక అనకురా. వింటుంది."

"ఇరుసులో ఇప్పుడున్న పళ్ళచక్రాల జతకి, ఈ క్రౌను పినియనుకి, షాఫ్టు నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. ఈ టైర్లకి షాఫ్టు ఐదు తిరగాలి."

"ఆరు వేస్తే ఇంకా బాగా ఎక్కదూ?"

"ఎక్కుతుంది. నువ్వు దిగి పక్కన నడుచుకుంటూ కబుర్లు కూడా చెప్పుకోవచ్చు. మైదానంలోకొస్తే ఇంజను గొంతు చించుకుంటుంది. పోనీ నాలుగున్నర వేద్దామంటే మూడో మలుపులో చతికిలబడుతుంది. టైరు ఎంత పెరిగిందో ఇదీ అంతే పెరగాలి. ఐదే."

వాకిట్లోంచి ఇల్లాలు అంది, "అయితే నాకు ఈ ఊడ్పులు తప్పుతాయా?"

"తప్పుతాయక్కా. ఐదు పడిందంటే మీటరు లెక్కా దారి లెక్కా ఒకటే. బాడీలో మట్టి తప్ప ఇంకేం మిగలదు."

ఐదుకొకటి క్రౌను పినియను కోసం పెద్ద స్టీరింగు పాత ఇనుము కొట్లన్నీ గాలించాడు. తుప్పు గుట్టల్లో ఈతకొట్టాడు. చివరికి ఒక గుట్ట అడుగున, గ్రీజు పూసుకుని, ఒక్క పన్నూ అరగకుండా నవ్వుతూ దొరికింది. బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడు.

స్పానర్ దాన్ని లోపలికి తీసుకెళ్ళి షెడ్డు తలుపులేసుకున్నాడు. సాయంత్రానికి బయటికొచ్చాడు. "అయిపోయింది బావా. కొత్త పళ్ళు ఒరుసుకోవాలి, కొండెక్కే రోజుదాకా బరువెయ్యకు."

పని అయ్యాక వెనక చక్రాలు జాకీ మీద లేపి, షాఫ్టుకి సుద్దగీత గీసి, చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్టు ఎన్ని తిరిగిందో చూసుకోవడం డ్రైవర్ల అలవాటు. ఆ కిటుకు స్పానర్‌కి నేర్పింది కూడా ఆయనే. సుద్దముక్క జేబులోనే ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు. ఇంట్లో పెరిగినవాడికి కొలత పెట్టడమేమిటని వేళ్ళతో నలిపి ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున ఖాళీ లారీని ఓ తిప్పు తిప్పి తెచ్చాక ఇల్లాలు బాడీ ఎక్కింది. ఊడుస్తూ ఊడుస్తూ ఆగింది.

"ఏమైందే?" అన్నాడు నోటినిండా నురగతో.

"ఏం లేదు. మట్టి," అంది.

కొండ ఎక్కే రోజు వచ్చింది. పెద్ద స్టీరింగు నిండు బరువుతో బయల్దేరాడు. మొదటి మలుపు మీసం మెలేస్తూ దాటాడు. రెండోది పళ్ళు బిగించి దాటాడు. మూడో మలుపులో ఇంజను ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. లారీ వెనక్కి జారబోయింది. ఇంకొకడైతే లోయలో ఉండేవాడు. ఆయన సగం బ్రేకుతో, సగం తిట్లతో దాన్ని కొండకి అతికించేశాడు.

అప్పుడు వెనకనించి ఒక పాట వినబడింది. సన్నగా, ఆయాసం లేకుండా, బరువు లాగుతున్న పళ్ళ పాట. ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చినవాడికి ఆ గొంతు తెలియదా? కొత్త రంగు పూసిన లారీ ఒకటి, అంతే ఎత్తు టైర్లతో, పక్కనించి దాటిపోయింది. స్టీరింగు దగ్గర స్పానర్ ఉన్నాడు. వాడికి లారీ ఉన్నట్టే ఆయనకి తెలియదు. వాడు దారి మీదనించి చూపు తిప్పలేదు. అలా చూపు తిప్పకుండా నడపడం కూడా ఆయన నేర్పిందే.

కొండ దిగి, రాళ్ళు దింపేసి, చక్రాలు జాకీ మీద లేపాడు. అటువైపు చక్రం తిప్పమని ఒక మేకల కాపరిని బతిమాలుకున్నాడు. సుద్దగీత గీశాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. చక్రం చుట్టు పూర్తయింది. ఐదోది రాలేదు. సుద్దముక్క పొరబడిందేమోనని మళ్ళీ తిప్పించాడు.

"ఇంకెన్నిసార్లు తిప్పినా అంతేనయ్యా," అన్నాడు కాపరి జాలిగా.

ఇంటికొచ్చి జాకీ పెడదామని అటక వైపు చూశాడు. మడతలు పైకప్పుకి తగులుతున్నాయి. ఐదు పడితే ఒక్కటీ పెరగకూడని మడతలు.

"ఇవెప్పటివి?"

ఇల్లాలు పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది.

"నీకు తెలుసు."

"లారీ షెడ్డు నించి వచ్చిన మర్నాడే తెలిసింది. వెళ్ళి అడిగాను. 'అక్కా, ఎన్నాళ్ళని బావ లారీ కిందే పడుకోను, నాకూ ఒక లారీ ఉండొద్దా' అని చేతులు పట్టుకున్నాడు. తనే వచ్చి చెప్పి, మార్చేస్తానన్నాడు. చెప్తాడనే అనుకున్నానండీ."

"నేను కొండెక్కుతుంటే కూడా అనుకున్నావా?"

వంతెన కూలుతున్నా టీ తాగినవాడు గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. స్పానర్ మిఠాయి పొట్లంతో గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా," అని పిలిచాడు, ఏమీ జరగనట్టు.

ఇల్లాలు లేచింది. అటక మీది మడతలు చేతులనిండా దింపి, తన గుమ్మం నించి తమ్ముడి గుమ్మం దాకా వీధికి అడ్డంగా పరిచింది. వాడు అడుగేశాడు. ఇంకో అడుగేశాడు. వాడికీ అక్క గుమ్మానికీ మధ్యలోంచి పాలవాడు సైకిలు బెల్లు కొట్టుకుంటూ దాటిపోయాడు. కుక్క ఒకటి దాటింది. స్పానర్ నడుస్తూనే ఉన్నాడు. చీకటి పడేసరికి వెనక్కి తిరిగాడు. వెనక్కి మాత్రం ఒక్క అడుగే పట్టింది.

ఇప్పటికీ అంతే. క్వారీ పని వాడిదే, బాగానే ఉన్నాడు. రోజూ సాయంత్రం స్నానం చేసి అక్క ఇంటికి బయల్దేరతాడు. వాడి పెదాలు కదలడం కనిపిస్తుంది. మాట చేరదు.

ఆ రోజు అటక మీద ఒక్క మడత మిగిలింది. పెద్ద స్టీరింగు దాన్ని దింపి తన కుర్చీకీ ఆవిడ పొయ్యికీ మధ్య పరిచాడు. ఆవిడ వంగి, ముడతపడ్డ అంచు సరిచేసింది.

లారీ ముక్కలై పోయింది. వాకిట్లో నడుమెత్తు టైరు ఒకటి మిగిలింది. దాని మీద కూర్చుని ఆయన వచ్చేపోయేవాళ్ళకి వంతెన కథ, వాన కథ చెప్తాడు. కొండ కథ చెప్పడు. పొద్దున్నే ఇంట్లో కుర్చీలో కూర్చుంటే, ఆవిడ చెయ్యి చాపి పొగలు కక్కే టీ గ్లాసు అందిస్తుంది. చేతికి వచ్చేసరికి అది చల్లారిపోయి ఉంటుంది. తాగేస్తాడు.

మొన్న ఒకరోజు అందుకున్న గ్లాసు గోరువెచ్చగా తగిలింది. ఆయన వేళ్ళు కాసేపు దాని చుట్టూనే ఉండిపోయాయి. ఆవిడకి చెప్పలేదు.