బొత్తాం ఒంట్లో రాళ్ళు

తెల్లారగానే ఆమె మొదట చూసేది కుక్క మూత్రం రంగు. మొహం కడుక్కోవడం ఆ తర్వాతే. కుక్క పేరు బొత్తాం. బట్టలు కుట్టే ఇంటికి అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు వచ్చింది, అందుకని ఆ పేరు. అది మెట్ల పక్కన కాలెత్తి చాలాసేపు నిలబడుతుంది. చుక్కా చుక్కా పడుతుంది. ఆమె గోడకి ఆనుకుని, మూసుకుపోయే కళ్ళు తెరుచుకుంటూ వంగి చూస్తుంది. పసుపైతే ఆ రోజు గడిచినట్టే. ఎర్రగా ఉంటే మిషను మూసి పశువుల డాక్టరు దగ్గరికి పరుగు.

తర్వాత రెండు వంటలు. బొత్తానికి డాక్టరమ్మ ఇచ్చిన గింజల తిండి, గోరువెచ్చని నీళ్ళలో జావలా నానబెట్టాలి. ఉప్పూ మాంసమూ తగలకూడదు. మామది సరిగ్గా దానికి ఎదురు. ఒంట్లో రక్తం లేదు, రోజూ మేక కార్జం ఉడికించి పెట్టాలి. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి.

"మామయ్యా, తిన్నారా?" అని మిషను దగ్గర్నుంచి అరుస్తుంది.

"పళ్ళెం చూసుకో, అద్దంలా ఉంది," అంటాడాయన లోపలి గదిలోంచి.

పళ్ళెం నిజంగానే అద్దంలా ఉండేది. ఆయన మొహం మాత్రం సున్నం కొట్టిన గోడలా ఉండేది. తిన్నదంతా ఎక్కడికి పోతోందో అనుకునేది ఆమె. అంతకంటే ఆలోచించే ఓపిక ఉండేది కాదు.

బొత్తాం ఒంట్లో రాళ్ళు మాట్లాడతాయి. పెట్టకూడనిది పెట్టినవాళ్ళు ఆ సమయంలో ఏమన్నారో, రాయి అదే గొంతుతో అదే మాట అంటుంది. పోయినసారి డాక్టరమ్మ కోసి తీసినవాటిలో ఒకటి, "ఒక్క ముక్కే కదా, మీ అమ్మకి చెప్పకు," అంది. ఆమె దాన్ని తీసుకెళ్ళి మాంసం కొట్టాయన తక్కెట్లో పెట్టింది. ఆయన చెవికి ఆనించుకుని విని, "నా గొంతేనమ్మా," అని తల వంచుకున్నాడు. ఇంకొకటి పక్కింటావిడది. "ఉప్పు బిస్కత్తుకే చచ్చిపోతుందా ఏంటి!" అంది. అప్పట్నుంచి బొత్తాం కనిపిస్తే ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంటుంది.

అయినా ఒకరోజు ఎర్రగా పడింది. తర్వాత అసలు పడలేదు.

డాక్టరమ్మ సన్నటి గొట్టం పెట్టి కడిగింది. ఒక రాయి ట్రేలో టంగుమంది.

"లోపల ఇంకా ఉన్నాయి. ఈసారి కొయ్యను, ముసలిదైపోయింది, గుండె తట్టుకోదు. ఆ పెట్టే చెయ్యి ఆగితే మందులకి కరుగుతాయి. ఆగకపోతే ఇక నేనేం చెయ్యలేను."

"ఎవరూ పెట్టట్లేదండీ. నన్ను చూస్తే వీధి వీధంతా భయపడుతోంది."

"నాకు చెబుతావేం? దాన్నడుగు," అని రాయి కడిగి ఆమె అరచేతిలో పెట్టింది డాక్టరమ్మ.

చెవికి ఆనించుకుంది. మామ గొంతు.

"తిను బొత్తాం. ఈ కార్జం నాకెందుకు? నేను తొందరగా పోతే ఆ పిల్ల కాస్త నడుం వాలుస్తుంది."

ఆమె కోపం తెచ్చుకోబోయింది. దానికీ ఓపిక కావాలి కదా.

ఇంటికొచ్చి రాయిని ఆయన మంచం మీద పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.

"వినండి."

"వినేదేముంది? అన్నది నేనే కదా."

"మీరు పోతే పడుకుంటానని ఎప్పుడైనా అన్నానా?"

"అనాలా? మిషను మీద తల పెట్టి నిద్రపోతుంటావు. నాకు కళ్ళు లేవా?"

"మీకంటే ముందు కుక్కని పంపిస్తున్నారు మామయ్యా."

"ఏదో కాస్త పెట్టాను."

"పళ్ళెమంతా పెట్టారు."

బొత్తాం ఎప్పటిలాగే ఆయన కాళ్ళ దగ్గర చేరి, ఆయన చేతికేసి చూస్తూ కూర్చుంది. ఆయన చేతులు రెండూ దుప్పట్లో దాచుకున్నాడు, పక్కింటావిడలాగే.

ఆమె కార్జం వేడి చేసి తెచ్చి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నమలండి."

"చూస్తూ కూర్చుంటావా? మరి కుట్టు?"

"కుట్టు ఎక్కడికీ పోదు. నమలండి."

ఆయన గొణుక్కుంటూ నమిలాడు. మర్నాడూ గొణిగాడు. ఆమె రోజూ కూర్చుంది. కొన్నాళ్ళకి గొణుగుడు పోయి, ఉప్పు తగ్గిందని సణుగుడు మొదలైంది. రాయిని ఆమె బొత్తాల డబ్బాలో పడేసింది. ఎప్పుడైనా మూత తీస్తే అది తన మాట తాను అనేది, ఆమె కావలసిన బొత్తాం ఏరుకుని మూత పెట్టేసేది.

ఒక పొద్దున ఉలిక్కిపడి లేచింది. మిషను మీద ఎండ పడి ఉంది. గోనెపట్టా మీద కుక్క లేదు. మంచం మీద మామా లేడు. చెప్పులు వెతుక్కోబోతుంటే మెట్ల దగ్గర్నుంచి ఆయన గొంతు వినిపించింది, ఈసారి ఏ రాయిలోంచీ కాదు.

"పసుపేనమ్మాయ్! ధారగా పోసింది! కాసేపు నడుం వాల్చు!"

ఆమె వాల్చింది.