నన్ను గోదారికి పంపండి

మీరు దొంగలు. యూనివర్సిటీ సార్లూ, ఆదివాసీ అధ్యయనాల శాఖ పెద్దలూ, మిమ్మల్నే. మళ్లీ ఇస్తానని పట్టుకెళ్లి ఇవ్వనివాణ్ణి మా ఊళ్లో ఆ మాటే అంటారు.

నేను ఒక పడిగను. కోయల వేల్పు కథని రంగుగుడ్డల బొమ్మలుగా కుట్టిన జెండాను. నన్ను కుట్టింది జోగయ్య. ఆయన డోలి, అంటే కోయల వంశాల కథ పాడేవాడు. పాడుతూనే కుట్టాడు, పాట తప్పితే సూది ఆపేవాడు. జాతరలో నన్ను వెదురుకర్రకి కట్టి ఎత్తితే చంకల్లో పిల్లలు నా అంచు చీకేవాళ్లు. ఎవరూ కసరలేదు.

గుడ్డను కదా, చిరుగుతాను. అప్పుడు నన్ను ముందు పరుచుకుని కొత్త పడిగ కుడతారు. అది లేచాక నన్ను గోదారికి ఇస్తారు. అదీ ఆచారం.

సరిగ్గా ఆ వేళకే మీ ప్రొఫెసరుగారు దిగాడు. ఫొటోలు తీసుకుని జాతరకల్లా తిరిగి పంపుతానని నన్ను పట్టుకెళ్లాడు. జాతరలు దాటిపోయాయి. మంచివాడే పాపం. నా గురించి పాఠం చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. నా అద్దాలపెట్టె తాళంచెవి మాత్రం ఆయన జేబు వదలదు.

మొన్న జోగయ్య వచ్చాడు. చూపు బాగా మందగించింది. ఈ జాతరకి కుట్టకపోతే ఇక కుట్టలేడు. ప్రొఫెసరు టీ ఇప్పించి, ఊళ్లో అయితే చెదలు తింటాయి, ఇక్కడ వందేళ్లు బతుకుతుంది, పెద్ద ఫొటో ఇస్తా చూసి కుట్టుకో అన్నాడు.

"ఫొటోను తడిమితే ఏం తగుల్తది సారూ?" అన్నాడు జోగయ్య. "దీన్ని సావనియ్యాలె. ఇది పోతెనే కొత్తదానికి పానం వస్తది."

ఆయన్ని బయటిదాకా దింపడానికి సుగుణ వచ్చింది. మీ శాఖలోనే పరిశోధన చేస్తున్న కోయపిల్ల. నా అద్దం మీద అరచెయ్యి ఆనించి, నా చదువు సారు సంతకంలో ఉంది తాతా, నేనెట్లా అడగను అంది.

జోగయ్య నవ్వి ఆమె తల నిమిరాడు. "అడగనీకే గద బిడ్డా సదివేది."

ఆ పిల్ల వెనక్కి వెళ్లి అడిగింది. కమిటీలో పెడతామన్నారట.

కమిటీ గిమిటీ వద్దు. తాళం తీయండి. ఈ వారమే నన్ను జోగయ్య ఒళ్లో పెట్టండి. సుగుణ పక్కన కూర్చుని ఆ పాట వింటుంది. అదే ఆమె చదువని మీరే సంతకం పెట్టండి. కొత్త పడిగ లేచాక నన్ను నీళ్లలో వదలనివ్వండి. నేను చాలినంత బతికాను.