సంతకాలయ్యాక గెలిచిన యుద్ధం

నేను కట్టుడు పళ్ళు కట్టేవాణ్ణి. నోటి పని చేసేవాడికి నోరెక్కువని జనం అనుకుంటారు. నిజమే గానీ, ఆ నోటికి ఒక చెవి కూడా ఉండాలి గదా. నా పనిగదిలో మూడు గోడలకీ అరలు, అరల నిండా ప్లాస్టరుతో పోసిన దవడలు. పొద్దున్నే తాళం తీయగానే రెండొందల నోళ్ళు ఒక్కసారి పళ్ళికిలిస్తాయి. నేను జోకు వేసినా అదే ఇకిలింపు, వేయకపోయినా అదే. గదినిండా అచ్చులే గానీ హల్లు ఒక్కటీ లేదు, ఇక మాటెలా పుడుతుంది?

వాదనలో నాకు ఎదురులేదు. రెండేళ్ళుగా ఎదుట ఎవరూ లేరు గనక.

ఎదుట ఒక స్టూలు మాత్రం ఉంది. అది మా తమ్ముడిది. పద్దెనిమిదేళ్ళు నేను అచ్చులు తీసి పళ్ళు అమరిస్తే, వాడు ఆ స్టూలు మీద కూర్చుని వాటికి రంగు కలిపేవాడు. పద్దెనిమిదేళ్ళూ మేం దేనికో దానికి వాదించుకున్నాం, పద్దెనిమిదేళ్ళూ నేనే గెలిచాను. వాదన నాది, వేదన వాడిది. చివరి వాదన కూడా నేను గెలిచాక, మర్నాటినుంచి వాడు రాలేదు. ఊరికి ఆ చివర్న ఇంకొకరి దగ్గర పనికి కుదిరాడు. వాణ్ణి మళ్ళీ పిలవాలంటే తప్పు నాదేనని చెప్పాలి. ఆ మాట తప్ప అన్ని మాటలూ నా నోటికి అలవాటే.

ఆ స్టూలు మీద ఈమధ్య సాయంత్రం నాలుగింటికి మేజరు వచ్చి కూర్చుంటున్నాడు.

మేజరు మేజరు కాదు. ముప్పై ఏళ్ళు సైన్యం గిడ్డంగిలో బూట్లు సైజుల వారీగా సర్దిన మనిషి. నేనూ డాక్టర్ని కాను. ఆయన నన్ను డాక్టరూ అన్నాడు, నేనాయన్ని మేజరు గారూ అన్నాను. అలా ఒకరికొకరం పదోన్నతులు ఇచ్చేసుకున్నాం. నాలుగు నెలల కిందట పళ్ళ కోసం వచ్చాడు. ఆయన నోటినిండా అచ్చు తీసే పిండి పెట్టి, అది గట్టిపడేదాకా ఊసుపోక పేపరు విప్పాను. అందులో అమెరికా సైన్యం గురించి ఏదో రాశారు.

"వీళ్ళు వెళ్ళిన చోటల్లా ఓడిపోవడమేగా," అన్నాను.

మేజరు కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యెత్తి అడ్డంగా ఊపాడు. పిండి నోట్లోంచి తీసీ తీయగానే, చిగుళ్ళతోనే అన్నాడు: "సైన్యం ఓడలేదు. వెనక్కి పిలిచారు."

అక్కణ్ణుంచి మొదలైంది. ఆయన జేబులో ఒక చిన్న పుస్తకం. అందులో మూడు గళ్ళు: గెలిచినవి, ఓడినవి, తేలనివి. అమెరికా చేసిన ఏ యుద్ధమైనా సరే, ఇద్దరం ఒప్పుకుంటేనే గడిలోకి ఎక్కుతుందని షరతు.

"వియత్నాం," అన్నాను మొదటిరోజు. "చివర్లో కప్పు మీంచి హెలికాప్టర్లెక్కి పోయారు. ఇంకా ఏం కావాలి?"

"అప్పటికి సైన్యం వచ్చేసి రెండేళ్ళయింది డాక్టరూ. ఆ ఎక్కినవాళ్ళు ఆఫీసులవాళ్ళు. మైదానంలో జరిగిన పెద్ద పోరాటాల్లో సైన్యం ఏది ఓడిందో చెప్పు."

"పోరాటాలన్నీ గెలిచి దేశం వదిలేసి వస్తే దాన్ని గెలుపంటారా? సంహారం కుదరలేదు గనక ఉపసంహారం అన్నారు."

"మాటల గారడీ వద్దు. పాయింటు చెప్పు."

పాయింటు చెప్పాను. పదిరోజులు చెప్పాను. లైబ్రరీకి వెళ్ళి పుస్తకాలు తెచ్చి, గుర్తుల కోసం మైనపు రేకులు పెట్టి మరీ చెప్పాను. వియత్నాం ఓడిన గడిలోకి ఎక్కింది. తర్వాత అఫ్ఘానిస్తాన్ ఎక్కింది. ఇరవై ఏళ్ళు ఉండి, ఎవర్ని దించారో వాళ్ళే మళ్ళీ కుర్చీ ఎక్కుతుంటే చూసి వచ్చారన్నాను. ఆయన అరగంట ఆలోచించి రాసుకున్నాడు. కొరియా మాత్రం తేలలేదు. రెండు కొరియాల మధ్య గీత దగ్గర మొదలై, ఇంచుమించు ఆ గీత దగ్గరే ఆగింది. మూడేళ్ళ తాడులాట.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇది మీకే గానీ ఆయనకి చెప్పలేదు.

పళ్ళు పెట్టాక నీలం కాగితం ఒకటి కొరికిస్తాం. ఎక్కడ ముదురు మరక పడితే అక్కడ పన్ను ఎత్తుగా ఉందన్నమాట. దాన్ని అరగదీస్తే కాటు సమంగా కూర్చుంటుంది. చేయి తిరిగినవాడికి రెండు రోజుల పని. మేజరుకి నేను నాలుగు నెలలుగా చేస్తున్నాను. ఒకచోట అరగదీసి, ఇంకోచోట వెంట్రుకవాసి ఎత్తు వదిలిపెడుతున్నాను. కాస్త గుచ్చుకుంటుంది. మనిషి మర్నాడు నాలుగింటికి మళ్ళీ వస్తాడు. అరగదీయాలంటే పళ్ళు తీసి నా చేతికివ్వాలి. అప్పుడు పళ్ళు నావైపు, చిగుళ్ళు ఆయనవైపు. అలాంటి యుద్ధంలో ఎవరు గెలుస్తారో మీరే చెప్పండి.

మొన్న మంగళవారం పద్దెనిమిది వందల పన్నెండు నాటి యుద్ధం వంతు వచ్చింది. ఇంగ్లండుకీ అమెరికాకీ జరిగింది. నేను ముందే చదువుకుని సిద్ధంగా ఉన్నాను.

"వాళ్ళ రాజధానిలోకి శత్రువు దూరి, అధ్యక్షుడి ఇంటికే నిప్పుపెట్టాడు. ఇల్లు తగలబడ్డాక కూడా ఓడలేదంటే వినేవాళ్ళకి చెవులు లేవా?" అన్నాను, ఆయన పళ్ళని దీపం కింద తిప్పి చూస్తూ.

"ఇల్లు కాలితే ఇల్లు కాలినట్టు," అన్నాడు మేజరు. పళ్ళు లేక ఆయన మాటలన్నీ గాలి పోతున్న బంతుల్లా ఉన్నాయి. "న్యూ ఆర్లియన్స్ పోరాటం సంగతి చెప్పు. ఇంగ్లీషు సైన్యం రెండువేల మందిని పోగొట్టుకుంది. ఇటు పట్టుమని వందమంది పోలేదు. అంత గెలుపు ఇంకోటి చూపించు. రాసేస్తున్నా, గెలిచిన గడిలో."

నా దగ్గర దానికి జవాబుంది. మూడురోజులుగా పుక్కిట పట్టి ఉంచుకున్న జవాబు. పళ్ళు బల్లమీద పెట్టి, చేతులు దులుపుకుని, మొదలుపెట్టాను.

"ఆగండి మేజరు గారూ. ఆ పోరాటం ఎప్పుడు జరిగింది? జనవరి ఎనిమిది. సంధి మీద సంతకాలు ఎప్పుడయ్యాయి? అంతకు రెండు వారాల ముందు, డిసెంబరు ఇరవై నాలుగు. ఆ కాగితం సముద్రం దాటి వస్తోంది. ఇక్కడ వీళ్ళకి తెలీదు. రాజీ అయిపోయిందని తెలీక పొడుచుకున్నారు. అవతలివాడు చేయి చాపాక, ఆ చాపిన సంగతి చూసుకోకుండా వెళ్ళి వాడి మీదపడి గెలిస్తే, అది..."

అక్కడ ఆగిపోయాను.

"అది?" అన్నాడు మేజరు.

నోరు తెరిచే ఉంది. నా జీవితంలో ఒక మంచి వాక్యాన్ని సగంలో వదిలేయడం అదే మొదలు.

"అది మీ గెలుపే. రాసుకోండి," అన్నాను.

మేజరు పెన్ను మూత పెట్టేశాడు. "నువ్వు ఊరికే వదిలే రకం కాదు. ఒంట్లో బాగాలేదా?"

నేను లేచి, కిటికీ పక్క అరలోంచి ఒక దవడ తీశాను. కింద ఒక పెద్దావిడ పేరూ తేదీ. లోపలి గుంటలో మడిచిన చీటీ. రెండేళ్ళుగా అక్కడే ఉంచాను. చదవమని ఆయన చేతికిచ్చాను. మా తమ్ముడి రాత: 'అన్నా, తెల్లగానే చేద్దాంలే. నీ ఇష్టం. రేపు కలిసి అమరుద్దాం.'

"ఆవిడ పాత ఫోటో తెచ్చింది," అన్నాను. "పళ్ళు కాస్త పసుపు, ముందరి పన్ను ఒకటి పక్కదాని మీదికి ఒరిగి ఉంది. అలాగే చేద్దాం అన్నాడు వాడు. కొత్తగా కట్టించుకునేదానికి వంకరెందుకు, తెల్లగా తీరుగా ఉండాలన్నాను నేను. మధ్యాహ్నమంతా అదే గొడవ. వాడు వెళ్ళేటప్పుడు ఈ చీటీ దవడలో పెట్టి వెళ్ళాడు. నేను చూడలేదు. సాయంత్రం పళ్ళ రంగులు పోల్చే పట్టీ చేత్తో పట్టుకుని వాడింటికి వెళ్ళాను. మరదలుంది, వాళ్ళమ్మగారు ఉన్నారు. వాళ్ళ ముందు కూర్చోబెట్టి, నీకు పనే రాదని అరగంటసేపు రుజువు చేశాను. వాడు ఒక్కటే అన్నాడు, 'నువ్వే గెలిచావన్నా' అని. చీటీ నాకు మూడోరోజు దొరికింది."

"ఆవిడ?"

"తెల్లపళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకుంది. ఇవి ఎవరి పళ్ళయ్యా, అని అడిగింది."

మేజరు చీటీని మళ్ళీ చదివాడు, గిడ్డంగిలో రసీదు చూసినట్టు, అటూ ఇటూ తిప్పి. బడిలో చదివిన సంధిలో రెండు మాటలు కలిసి ఒకటవుతాయి. మా సంధిలో ఉన్న ఒక్క మాటా దవడలో ఇరుక్కుపోయింది.

"నువ్వు చెప్పిందాంట్లో ఒక తప్పుంది," అన్నాడు చివరికి.

"ఏం తప్పు?"

"సంతకాలైతే యుద్ధం అయినట్టు కాదు డాక్టరూ. ఆ కాగితం అమెరికా చేరాలి, అక్కడివాళ్ళు కూర్చుని సరేననాలి. ఫిబ్రవరిదాకా అనలేదు. అందాకా యుద్ధం జరుగుతున్నట్టే. నేనూ చదువుకునే వచ్చాను." చీటీ నా ముందు పెట్టాడు. "దీనికి నువ్వు సరేనన్నావా?"

"రెండేళ్ళయింది మేజరు గారూ."

"ఎన్నేళ్ళయిందని అడగలేదు. అన్నావా అని."

నేను బల్లమీది పళ్ళు తీసి ఆయన నోట్లో పెట్టాను. నీలం కాగితం కొరికించాను. ఎక్కడెక్కడ వెంట్రుకవాసి దాచుకున్నానో నాకు తెలుసు. అన్నీ అరగదీశాను, నునుపు పట్టించాను, కడిగి ఇచ్చాను. ఆయన పెట్టుకుని రెండుసార్లు కొరికి చూసి, కళ్ళెత్తాడు.

"కుదిరాయి," అన్నాడు ఆశ్చర్యంగా.

"మొదటివారమే కుదరాల్సింది. కావాలనే ఎత్తు వదిలాను. మీరు రావాలని."

మేజరు నాలుకతో పళ్ళు తడిమి చూసుకున్నాడు. "నాలుగు నెలలుగా గంజే తాగుతున్నాను," అన్నాడు. పుస్తకం జేబులో పెట్టుకుని, కర్ర తీసుకుని, మెట్లు దిగిపోయాడు. పదిహేడు మెట్లు. ఒక్కొక్కటీ వినబడింది.

నేను తమ్ముడికి ఫోన్ చేశాను. నంబరు మర్చిపోయి ఉంటే బాగుండుననుకున్నాను గానీ వేళ్ళకి గుర్తుంది.

"చెప్పన్నా," అన్నాడు. వెనక పళ్ళు అరగదీసే మోటారు చప్పుడు.

"నేను ఓడిపోయానురా."

"దేంట్లో?"

పద్దెనిమిదేళ్ళ వాదనలు. పాపం, వాడు మాత్రం ఏదని అనుకుంటాడు?

"పెద్దావిడ పళ్ళ సంగతిలో. నీ చీటీ చూశాను."

మోటారు ఆగింది. "ఎప్పుడు?"

"మూడోరోజే."

వాడి వైపునుంచి ఎవరో పిలిచారు. "పనిలో ఉన్నానన్నా," అన్నాడు. "పెట్టేస్తాను." పెట్టేశాడు. కోపంగా కాదు, అలాగని మెత్తగానూ కాదు. ఏ గడిలో రాయాలో తెలియని గొంతు.

బుధవారమంతా నేను ఎవరి పనీ ముట్టుకోలేదు. పెద్దావిడ దవడ మీద మైనంలో కొత్త పళ్ళు అమర్చాను. ముందరి పన్నుని పక్కదాని మీదికి ఒరగబెట్టాను. నా చేతులు దాన్ని తిన్నగా చేయబోయినప్పుడల్లా వెనక్కి లాక్కున్నాను. ఎంత ఒరగాలో ఆవిడ వదిలివెళ్ళిన ఫోటోలో చూసి, దించి, మళ్ళీ చూసి, మూడుసార్లు మార్చాను. చూస్తుండగానే ఆ ఇకిలింపు నవ్వుగా మారింది. రెండొందల నోళ్ళలో నవ్వే నోరు అదొక్కటే.

రంగు మాత్రం నాకు రాదు. ఆ పసుపులో కాస్త బూడిద కలపాలో, కాస్త గులాబీ కలపాలో వాడికే తెలుసు. దవడ గుంటలో చీటీ మడిచి పెట్టాను. రాయడానికి రెండు గంటలు పట్టింది. జోకులన్నీ కొట్టేయగా మిగిలింది ఇది: 'తమ్ముడూ, సరే. రంగు నువ్వే వేయాలి. నీ ఇష్టం.' దూది చుట్టి, డబ్బాలో పెట్టి, వాడి పనిచోటు చిరునామా రాసి పంపించాను.

గురువారం నాలుగయింది. పళ్ళు కుదిరినవాడు రావడానికి కారణం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ వాదనలోనూ నేనే గెలిచాను. గదిలో ఎవరూ లేరు.

నాలుగుంపావుకి మెట్ల మీద కర్ర చప్పుడైంది. పదిహేడు దాకా లెక్కపెట్టాను.

మేజరు లోపలికి వచ్చి, కిటికీ పక్క అరలో ఖాళీ చోటు చూశాడు.

"పంపించావా?"

"నిన్న."

"చేరాలి. మీవాడు చూడాలి, సరేననాలి. టైము పడుతుంది," అన్నాడు. స్టూలు దాకా వచ్చి ఆగాడు. దాన్ని ముట్టుకోలేదు. బయటికి వెళ్ళి, మెట్ల దగ్గర పేషెంట్ల కోసం వేసిన పాత కుర్చీని కర్రతో పాటు ఈడ్చుకుంటూ తెచ్చి, బల్లకి ఒక పక్కగా వేసుకుని కూర్చున్నాడు. జేబులోంచి పుస్తకం తీశాడు.

"కొరియా మిగిలిపోయింది," అన్నాడు.

"మిగలనివ్వండి," అన్నాను.

ఆయన పుస్తకం తెరవలేదు. నా ఎదుటి స్టూలు ఖాళీగా ఉంది. ఇద్దరం దానికి ఇటుపక్కన కూర్చున్నాం.