తమ్ముడి అప్పగింత

మునికుమార్ అడవి నుంచి దిగి వచ్చేటప్పటికి కుడికాలు మోకాలి దాకా వాచిపోయి, పాదం నేల మీద మోపలేకుండా ఉన్నాడు. మూడేళ్లు అన్నల దళంలో తిరిగినవాడు అక్క ఇంటి పంచలో చాప మీద పడి పసిబిడ్డలా మూలిగాడు.

"ఇంక నా వల్ల కాదక్కా. జైల్లో ఏసినా సరే, లొంగిపోతా" అన్నాడు.

ఆ మాటతో నాగులమ్మకు ప్రాణం లేచి వచ్చింది. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆమే. వాడి కోసం పోలీసులు ఇల్లు తిరగేసిపోయినప్పుడల్లా, ఎప్పటికైనా వాడు బతికి వస్తే చాలనుకునేది. నేరుగా మాజీ సర్పంచి గంగాధరం దగ్గరికి పోయింది. ఆయన టమాటా తోటలోనే ఆమె కూలి పని.

"ఎస్సైతో మాట్లాడినాలే నాగులమ్మా" అన్నాడాయన మరునాడు. "కేసు పెడతారు, కోర్టుకు తీసకపోతారు. మనమూ లాయర్ని పెడదాం. బయం లేదు."

ముగ్గురూ తిరుపతి బస్సెక్కారు. స్టేషన్లో ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. టీ తెప్పించాడు. కాలు చూసి ఆస్పత్రికి పంపిస్తామన్నాడు. మునికుమార్ టీ ఊదుకుంటూ అక్క వైపు చూసి నవ్వాడు, చిన్నప్పటిలాగే.

"రేపు కోర్టులో హాజరు పరుస్తాం, రండి" అన్నాడు ఎస్సై.

మరునాడు నాగులమ్మ అన్నం మూట పట్టుకుని కోర్టు ఆవరణలో పొద్దు వాలేదాకా కూచుంది. వాణ్ణి తీసుకురాలేదు. స్టేషన్‌కు పోతే గేటు దగ్గర కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు. "అట్లాంటోడు ఎవురూ ఈడికి రాలేదు. పోమ్మా!"

ఆ తర్వాతి పొద్దున టీ అంగట్లో ఎవరో పేపరు చదివి వినిపించారు. భాకరాపేట అడవిలో ఎదురుకాల్పులు. పోలీసుల మీద కాల్పులు జరుపుతూ కొండపైకి పరుగెత్తిన తీవ్రవాది మునికుమార్ మృతి.

"పరిగెత్తినాడా?" అంది నాగులమ్మ. "బస్సెక్కించేదానికి మేమిద్దరం మోసినామే వాణ్ణి!"

చదివినాయన పేపరు మడిచి పక్కన పెట్టేశాడు.

కొన్ని నెలలకు ఆర్డీవో విచారణ జరిగింది. ఆయన కుర్చీ వేయించి, ఆమె చెప్పిందంతా ఓపికగా విన్నాడు. "నువ్వు కాక ఇంకెవరైనా చూశారా?" అని అడిగాడు.

"గంగాధరం సామి సూసినాడు సార్. బయటే ఉండాడు."

గంగాధరం లోపలికి వచ్చాడు. ఆమె వైపు చూడలేదు. "నాకేం తెలీదు సార్. ఆ రోజు నేను తిరుపతికే పోలేదు."

నాగులమ్మ లేచి నిలబడింది. "నా తమ్ముడు తప్పు చేసిండొచ్చు సార్. జడ్జి ముందర నిలబెట్టి అడగాల గదా? ఉరి ఏయమంటే ఏసుండొచ్చు. ఏమీ అడక్కుండా సంపేదానికా, నేను వాణ్ణి చెయ్యి పట్టుకోని పిల్చుకోనొచ్చింది?"

ఆర్డీవో కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "సాక్ష్యం లేకుండా నేనేం రాయగలనమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

కాల్పులు ఆత్మరక్షణ కోసమేనని తర్వాత తేల్చారు.

విచారణ నాడు బయటికొచ్చేసరికి రోడ్డు మీద గంగాధరం ఆమె కోసం నిలబడి ఉన్నాడు. తిట్లన్నీ నాగులమ్మ నోటిదాకా వచ్చాయి.

"నిన్న నా కొడుకును జీపులో ఎక్కించుకున్నారు నాగులమ్మా" అన్నాడాయన. "భాకరాపేట కనుమ దాకా తిప్పి మళ్లీ ఇంటికాడ దించినారు. ఒక్క మాటా అనలేదు. ఊరికే తిప్పినారు."

పెద్దమనిషి కండువాతో ముఖం కప్పుకుని ఏడుస్తుంటే, ఆమెకు తిట్టడానికి నోరు రాలేదు. ఓదార్చడానికీ రాలేదు. బస్సొస్తే ఎక్కి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే ఆయన టమాటా కోతకు రమ్మని మనిషిని పంపాడు. ఆ ఊళ్లో రోజూ పని దొరికే తోట అదొక్కటే. నాగులమ్మ గడపలో కాసేపు కూచుని, కొంగు బిగించి, గంప తీసుకుని బయల్దేరింది.