తుకారాం ముడి

రెజిమెంటల్ బజార్‌లో మోటార్లకు తీగ చుట్టేవాళ్లు ఒకప్పుడు పదిమంది ఉండేవారు. ఇప్పుడు మిగిలింది తుకారాం దుకాణం ఒక్కటే. అక్కడ మొదటినుంచీ ఒక కట్టుబాటుంది. కాలిన మోటారులోంచి తీసిన పాత రాగి ఆ మోటారు తెచ్చినవాళ్లదే. దాన్ని తీగల కొట్టులో ఇచ్చి, పైన కొంత కడితే కొత్త తీగ వస్తుంది.

ఈమధ్య రాగి పేరెత్తితే జనం గుండెలు బాదుకుంటున్నారు. కృత్రిమ మేధకని ఊళ్లంతేసి కంప్యూటర్ కేంద్రాలు కడుతున్నారట, రాగి కోసం దేశాలకు దేశాలే పోటీ పడుతున్నాయట. ఫోన్లో జవాబు చెప్పే తెలివికి అంత రాగి ఎందుకో తుకారాంకు అంతుపట్టలేదు. ధర మండిపోవడం మాత్రం తెలిసొచ్చింది.

ఆ ఉదయం ప్రేమమణి నీళ్ల మోటారును ఆటోలో వేయించుకొని వచ్చింది. ఆవిడ ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. నలభైమందికి రెండు రోజులుగా నీళ్లు పైకి ఎక్కడం లేదు.

"పోయినేడు మీ దగ్గరే చుట్టించాం కదండీ తుకారాం గారూ. అందులో రాగి ఉందన్న ధైర్యంతోనే వచ్చాను."

"పరేషాన్ కాకుండ్రి మేడం, సాయంత్రానికి ఇచ్చేస్త."

మూత విప్పగానే తీగచుట్టను బిగించిన నూలు ముడి కనబడింది. రెండు మెలికలు వేసి బిగించే ఆ ముడి తుకారాంది. అతను కాక అది తెలిసింది అతను పని నేర్పిన తమ్ముడు లక్ష్మణ్‌కే. మాడిన తీగను కత్తిరించాడు. కోసినచోట ఎర్రగా ఉండాల్సింది తెల్లగా మెరిసింది. అల్యూమినియం.

పోయినేడు తుకారాం గుండెజబ్బుతో మూడు నెలలు మంచం పట్టినప్పుడు దుకాణం చూసింది లక్ష్మణే.

తుకారాం తమ్ముణ్ణి లోపలికి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు. "ఏందిరా ఇది? మేడం రాగి ఏడవాయె?"

లక్ష్మణ్ తల ఎత్తలేదు. "అమ్మి కిరాయి కట్టినన్నా. దుకాణం బంద్ అయితదని భయపడ్డ. గంత పెద్ద దేశాలు గుంజుకపోతుంటే మనకేడ మిగుల్తది?"

ఆంబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్లు విరిగాయంటారు. నిజమే. కానీ ప్రేమమణిని మోసం చేసింది ఆంబోతులు కాదు, తన దుకాణం. తుకారాంకు తల కొట్టేసినట్టయింది.

అటక మీద అతను తొలిసారి చుట్టిన మోటారుంది. ఏటా దసరాకు బొట్టు పెడతాడు. దాన్ని దించాడు. అందులోని రాగి తీసి తీగల కొట్టులో ఇస్తే చాలు, ఆవిడకు ఏమీ తెలియదు. ఆ ఆలోచన మనసులో నిలబడిందని దాచడమెందుకు?

కానీ అందులో తను వేసిన పాత ముడిని కోస్తుంటే చెయ్యి ఆడలేదు. బయటికి వచ్చాడు.

"మేడం, మీ మోటారు లోపట రాగి లేదు. మా ముడి ఏసి మేమే అల్యూమినియం పెట్టినం. తప్పు మాది. గిది నా మోటారు, దీని రాగితోని మీది చుట్టి ఇస్త."

ప్రేమమణి ఆ మోటారులోని ముడిని తడిమి చూసింది. కోపగించుకోలేదు. "ఇలాంటివి ఇంకెన్ని ఇచ్చారండీ?" అంది.

తుకారాం తమ్ముడివైపు తిరిగాడు.

"పదిహేడు," అన్నాడు లక్ష్మణ్.

అటక మీద ఇక మోటార్లు లేవు. తుకారాం పీట మీద కూర్చుని చెవి మీది పెన్సిల్ తీశాడు.

"ఒక్కొక్క పేరు చెప్పురా," అన్నాడు.