బోడి కణాలు

"ఆదివారం కూడానా?" అన్నాడు మొగుడు, పేపరు దించకుండానే.

ల్యాబ్‌లో పెంచే కణాలకు ఆదివారం ఉండదు. రెండు రోజులకోసారి పాత ద్రవం తీసి కొత్తది పోయకపోతే చస్తాయి. ఈ మాట ఆమె పదకొండేళ్లుగా చెబుతూనే ఉంది. కుక్కరు దించింది. అత్తగారి మాత్రలు తీసిపెట్టింది. అతని చొక్కాలు మడిచింది. చెప్పులు వేసుకుంది.

"ఇంట్లో మనుషుల్ని మాడ్చి, గాజు గిన్నెల్లో పురుగులకు మేత పెట్టడానికి పోతోంది," అంది అత్తగారు గోడతో.

"మేత కాదమ్మా, గిన్నెలు తోమడానికి. ఇక్కడ చేసేదే అక్కడా," అన్నాడు ఆవిడ కొడుకు, పేపరు వెనకనుంచే.

తల్లీకొడుకులు నవ్వుకున్నారు. ఆమెకు వినపడాలనే నవ్వారు.

బస్సులో కూర్చున్నాక వాళ్ల నవ్వు పోయింది కానీ, ఆమె టెక్నీషియన్‌గా పనిచేసే ల్యాబ్‌లో సార్ అన్న మాట పోలేదు. మూలకణాల ఒంటి మీద ఒక ప్రోటీన్ ఉంటుంది. అది ఉన్నచోట కణం పైపొర సన్నటి పోగులుగా బయటికి పొడుచుకొస్తుంది, మఖమలు గుడ్డ మీద నూగులా. ఆ పోగుల రూపాన్ని ప్రోటీనే దిద్దుతుందా? ఆరు నెలలుగా ల్యాబ్ అంతా ఇదే ప్రశ్న. పరిశోధక విద్యార్థిని తీసిన ఫోటోల్లో మాత్రం, ప్రోటీన్ ఎక్కువున్న కణాలూ బోడిగానే ఉన్నాయి, రూపం మార్చిన ప్రోటీన్ ఉన్నవీ బోడిగానే ఉన్నాయి. ప్రోటీన్‌కూ పోగులకూ సంబంధం లేదని సార్ తేల్చేశాడు. మంగళవారం సైన్సు పత్రికకు వ్యాసం పంపేస్తారు. ఆ పిల్ల కణాలు కడిగే ద్రావణాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే గిన్నె నడిమధ్యన ధారగా గుమ్మరిస్తోందనీ, అంత సన్నటి పోగులు ఆ దెబ్బకు నిలవవనీ ఆమె చెప్పింది. పదిమందిలో చెప్పింది. "వంటింటి చిట్కాలు ఇక్కడ పనికిరావమ్మా," అన్నాడు సార్. తాగిన కప్పు ఏనాడూ కడగనివాడు కడగడం మీద తీర్పు చెప్పాడు. అందరూ నవ్వారు. ఆమె చెవులు కాలిపోయాయి.

ల్యాబ్‌లో ఎవరూ లేరు. మూడు రకాల కణాలవీ రెండేసి చొప్పున ఆరు గిన్నెలు తీసింది. మూడింటిని ఆ పిల్ల కడిగినట్టే చల్లగా, ధారగా కడిగింది. మిగతా మూడింటికి ద్రావణాన్ని ఒంటివేడికి తెచ్చి, గిన్నె గోడ వెంబడి చుక్కచుక్కగా జార్చింది. రంగు పట్టించి కూర్చుంది. ఫోన్ మోగింది.

"చక్కెర ఎక్కడ?"

"డబ్బా మీద రాసుంది."

"ఏ డబ్బా?"

ఇరవై రెండేళ్లుగా అదే అల్మరా. ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. చల్లగా కడిగినవన్నీ బోడి. వెచ్చగా కడిగిన వాటిలో మామూలు కణాలకు పొట్టి పోగులున్నాయి. ప్రోటీన్ ఎక్కువున్న కణాలకు పోగులు బారెడు సాగాయి. రూపం మార్చిన ప్రోటీన్ ఉన్న కణాల్లో ఒక్కో పోగూ రెండు మూడు కొమ్మలుగా చీలింది. తప్పేమైనా చేశానా అని మొదటినుంచీ మళ్లీ చూసింది. తప్పు దొరకలేదు.

సోమవారం సాయంత్రం సార్ కంప్యూటర్ తెర మీద ఆ ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూశాడు.

"బాగుంది. చివర కృతజ్ఞతల్లో నిన్ను తలుచుకుంటాంలే అమ్మా."

ఇదివరకు రెండుసార్లు తలిచాడు. 'సిబ్బందికి' అని.

"కృతజ్ఞతలు వద్దు సార్. రాసినవాళ్ల వరసలో నా పేరు వేయండి."

 

"టెక్నీషియన్ పేరా? ఎవరైనా వింటే నవ్వుతారు."

"ఫోటోలు కంప్యూటర్లోనే ఉన్నాయి, వాడుకోండి. రేపు పత్రికవాళ్లు మళ్లీ చేసి చూపించమంటే ఎవరు చేస్తారు?"

సార్ విద్యార్థిని వైపు చూశాడు. ఆ పిల్ల తల వంచుకుంది. మళ్లీ ఎత్తింది.

"పొద్దున్నే వచ్చి అక్క చెప్పినట్టే చేశాను సార్. సగం పోగులు రాలిపోయాయి. చేయి తిరగాలి. ఆరు నెలలు తప్పు చేసింది నేను, పట్టుకుంది అక్క. అక్క పేరు లేకపోతే నాదీ వద్దు."

సార్ ముఖం ముడుచుకుంది. ఒప్పుకోవడం అతనికి చేదు. అయినా కుర్చీ లాక్కుని, వ్యాసం మొదటి పేజీ ముందు పెట్టుకుని, కలం తీశాడు.

"పూర్తి పేరు ఎలా రాయాలమ్మా?"

పదకొండేళ్లకు అడిగాడు. ఆమె కలం అందుకుని తనే రాసింది, పెళ్లికి ముందున్న ఇంటిపేరుతో.