ఎవరూ కోయని పూలు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు నంద్యాల నుంచి అహోబిలానికి కోడలై వచ్చిన పుండరీకవల్లి, వెంట పుట్టింటి గుమ్మడి గింజలు తెచ్చుకుంది. అత్తగారింట్లో తనదంటూ ఉన్నది ఆ పాదొక్కటే. తీగ దొడ్డంతా పాకింది, విరగబూసింది. పిందెలు మాత్రం వేలెడైనా కాకముందే పచ్చబడి రాలిపోయేవి. రెండేళ్లూ ఇదే వరస.

"ఈ తూరి దీపావళికి కాయ నిలబడకుంటే తీగ పెరికేసి ఆడ కనకాంబరాలు ఏస్తా" అని అత్త కమలవల్లమ్మ తేల్చి చెప్పింది. పుండరీకవల్లి ప్రాణం ఉసూరుమంది.

కమలవల్లమ్మది మామూలు భక్తి కాదు. తేనెటీగ వాలిన పువ్వు ఎంగిలని ఆవిడ పట్టింపు. అందుకని తెల్లారకముందే సజ్జ పట్టుకుని బంతీ, గన్నేరూ, నందివర్ధనమూ, విచ్చినదీ విచ్చనిదీ దూసుకొచ్చేది. పొద్దుపొడిచేసరికి దొడ్లో గుమ్మడి పూలు తప్ప మరో పువ్వన్నది కనబడితే ఒట్టు. పిందెలు రాలే గుట్టు పాలు పోసే కొండమ్మే విప్పింది.

"ఈగ వాలందే పిందె యాడ నిలబడతాది తల్లీ? పూలన్నీ మీరే దూసేస్తాంటే ఈగ ఈ దిక్కు ఎందుకొస్తాది? చేనిగట్ల మింద తుమ్మి ఉంటాది, తెచ్చి నాటుకో."

పుండరీకవల్లి ఆలస్యం చేయలేదు. వానలు పడగానే గట్ల వెంట తిరిగి తుమ్మి, గునుగు, వెంపలి మొక్కలు మట్టిగడ్డలతో సహా పెకలించి తెచ్చింది. గుమ్మడి పాదు పక్కన మడి కట్టి నాటింది. అది చూసి అత్త మండిపడింది.

"ఏందీ కలుపు? తుమ్మి శివుడి పువ్వు! మన స్వామికి పనికొస్తాదా?"

"పనికిరాదు గదా అత్తా. మీరు కోయరు. ఈగలకైనా మిగుల్తాది."

"దీపావళి దాకా చూస్తా. ఆనక రెండూ పెరుకుతా."

తుమ్మి తెల్లగా పూసింది. మొదట ఒకటీ అరా, తర్వాత గుంపులుగా తేనెటీగలు వచ్చి అటు తుమ్మి మీదా ఇటు గుమ్మడి పూలలోనూ జుమ్మని తిరిగాయి. పండగ వారం ఉందనగా ఆకుల కింద చెంబంతేసి కాయలు మూడు! పుండరీకవల్లికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కేకేసి అత్తను పిలిచింది.

కమలవల్లమ్మ మొహం విప్పారింది. "ముదిరినాక మొదటి కాయ స్వామికి. పులుసు చేసి ఆరగింపు పెడదాం."

కోడలి నోరు ఊరుకోలేదు. "ఈగ వాలిన పూవే గదా అత్తా కాయైంది. ఎంగిలి గాదా?"

కమలవల్లమ్మ కాయ వంక చూసింది, ఈగల వంక చూసింది. "అయితే ముప్పై ఏండ్లుగా నేను కొని పెట్టిన గుమ్మడికాయలూ..."

"అన్నీ అంతే అత్తా."

"ఒక్కనాడన్నా వద్దనలేదే స్వామి!" అని ఆవిడ బుగ్గ నొక్కుకుంది. కోపం తెచ్చుకోబోయి నవ్వేసింది.

మర్నాడు కమలవల్లమ్మ సజ్జ పట్టుకుని దొడ్లోకి వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది.